బిడ్డ పడినప్పుడు నిజం చెప్పగల ఇల్లు



ఒక సాయంత్రాన్ని ఊహించుకోండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పది నెలల పాపను ఉదయం ఎనిమిదింటికి ఆయా చేతుల్లో పెట్టి వెళ్ళారు. తల్లి ఆరింటికి తిరిగివచ్చి పాపను ఎత్తుకోగానే చెవి పైభాగాన బొప్పి చేతికి తగిలింది. "ఇదేమిటి?" అని అడిగింది. "ఏమీ లేదమ్మగారూ, ఆడుకుంటూ మంచం కోడు తగిలించుకుంది" అని ఆయా నేలచూపులు చూస్తూ చెప్పింది. ఆ జవాబులో ఏదో తేడా ఉందని తల్లికి అర్థమైపోయింది.

ఇక ఇంట్లో నాలుగు గొంతులు లేస్తాయి. "ఈ క్షణమే లెక్క చూసి పంపించెయ్యి" అంటుంది పక్కింటావిడ. "పోలీసు స్టేషనుకు తీసుకెళితే నిజం అదే బయటికి వస్తుంది" అంటాడు భర్త. "ఉద్యోగం మానెయ్యమ్మాయ్ అంటే విన్నావా?" అంటుంది అత్తగారు. "పోనీలే అమ్మా, మనం క్రైస్తవులం, క్షమించేసెయ్" అంటుంది ప్రార్థనాపరురాలైన పిన్ని. ఈ నలుగురిలో ఎవరి మాట న్యాయమైనది? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదేనని మీరు అనుకోవచ్చు. కాని ఆ నాలుగు మాటలనూ మరొకసారి చదవండి. మూడు మాటలు ఆయా గురించి. ఒకటి తల్లి గురించి. తలకు దెబ్బ తగిలిన పాప గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

మొదట బిడ్డ, ఆ తరువాతే తీర్పు

లూకా సువార్తలోని మంచి సమరీయుని తలచుకోండి. దారి పక్కన కొనప్రాణంతో పడివున్న మనిషిని చూసి అతడు ముందు ఏమి చేశాడు? కొట్టినదెవరని ఆరా తీశాడా? ఒంటరిగా ఆ దారిన ఎందుకు వచ్చావని నిలదీశాడా? గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకొని, సత్రానికి చేర్చాడు. దొంగలను పట్టుకోవద్దని ప్రభువు ఎక్కడా చెప్పలేదు. అయితే ప్రేమకు ఒక వరుస ఉన్నదని ఆ కథ చెబుతుంది. గాయపడినవాడు ముందు, గాయపరచినవాని సంగతి తరువాత.

తల దెబ్బ విషయంలో ఈ వరుస మరీ ముఖ్యం. పసిపిల్లలు పడతారు, బొప్పి కడుతుంది, కాసేపు ఏడ్చి మళ్ళీ ఆటలో పడిపోతారు. చాలాసార్లు అంతకుమించి ఏమీ జరగదు. అయితే కొన్ని గుర్తులు కనబడితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. దెబ్బ తగలగానే స్పృహ తప్పడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, లేపినా సరిగా లేవనంత మగత, ఫిట్స్, ముక్కులోంచి గాని చెవిలోంచి గాని నీరులాంటిది లేదా రక్తం రావడం, ఒక కన్నుపాప పెద్దదిగా మరొకటి చిన్నదిగా కనిపించడం, ఒక పక్క కాలుచేతులు ఆడకపోవడం, ఎంత ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు, పాలు తాగకపోవడం, పసిబిడ్డ మాడు ఉబ్బి గట్టిగా తగలడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కు ఫోను చేయాలి, లేదా దొరికిన వాహనంలో ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏడాది నిండని బిడ్డ ఎత్తు మీద నుంచి పడితే ఏ గుర్తూ లేకపోయినా వైద్యునికి చూపించడమే మేలు. పసుపు పట్టించి, ఇంట్లో ఉన్న మందేదో వేసి, నిద్రపుచ్చి ఊరుకోకూడదు.

మరొక సంగతి కూడా తెలిసి ఉండాలి. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్యనున్న రక్తనాళం చిట్లితే, బిడ్డ మొదట బాగానే కనిపించి, కొన్ని గంటల తరువాత ఒక్కసారిగా మగతలోకి జారిపోవచ్చు. అందుకే దెబ్బ ఎప్పుడు తగిలిందన్నది వైద్యునికి అంత అవసరం. ఆయన అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఎన్ని గంటలకు పడింది? ఎంత ఎత్తు నుంచి? చాప మీదనా, బండల మీదనా? పడగానే ఏడ్చిందా, కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయిందా? తరువాత వాంతి చేసుకుందా?

ఈ ప్రశ్నలకు జవాబు తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. ఆ నాలుగు గొంతుల ముందు వణుకుతూ నిలబడివున్న ఆయా. ఆమె నోరు మూతపడేలా మనం ఏమి చేసినా ఆ నష్టం బిడ్డకే. కోపం రావడం సహజమే. తల్లికి కోపం రాకపోతేనే వింత. పునీత పౌలుగారు కూడా కోపమే రాకూడదని అనలేదు, కోపంతో పాపం చేయవద్దన్నారు, ప్రొద్దు గుంకేలోగా దానిని విడిచిపెట్టమన్నారు. ఆ సాయంత్రం బిడ్డ కోసం మనం చేయగల త్యాగం ఆ కోపాన్ని రెండు గంటలు పక్కన పెట్టడమే. "నిన్ను ఏమీ అనను. పాపను డాక్టరుకు చూపించాలి. ఎలా పడిందో ఉన్నదున్నట్లు చెప్పు" అనే మూడు వాక్యాలు వైద్యునికి ఎంతో సాయపడతాయి.

ఆమె ఎందుకు దాచింది?

ఇక్కడ మనల్ని మనం ఒక మాట అడుగుకోవాలి. ఆయా ఎందుకు అబద్ధమాడింది? ఆమె చెడ్డది కావచ్చు. కాని చాలా ఇళ్ళలో కారణం అది కాదు, భయం. గాజుగ్లాసు పగిలితే జీతంలోంచి కోసుకున్న ఇంట్లో, పాలు పొంగిపోతే మధ్యాహ్నం దాకా తిట్లు తిన్న ఇంట్లో, ఉంగరం కనబడకపోతే ముందు తన చీర కొంగు దులిపించిన ఇంట్లో, బిడ్డ పడిందని చెప్పే ధైర్యం ఆమెకు ఎక్కడినుంచి వస్తుంది? గ్లాసుకే అంత జరిగితే బిడ్డకు ఎంత జరుగుతుందో ఆమె లెక్క వేసుకుంటుంది. ఇంటి దగ్గర ఆమె జీతం కోసం ఎదురుచూసే పిల్లలు ఉంటారు. ఆ లెక్కలో నిజం ఓడిపోతుంది.

అంటే ఆ అబద్ధం ఆ సాయంత్రం పుట్టినది కాదు. చిన్న తప్పులకు పెద్ద శిక్షలు వేసినప్పుడల్లా ఆ ఇల్లు దాచడం నేర్పింది. దయ అన్నది ఆయా మీద మనం కురిపించే అదనపు పుణ్యకార్యమని అనుకుంటాం. నిజానికి అది మన బిడ్డకే రక్ష. నిజం చెప్పడానికి భయపడనక్కరలేని ఇంట్లోనే బిడ్డ క్షేమంగా ఉంటుంది.

ఒక దాది కథ

పరిశుద్ధ గ్రంథంలో సరిగ్గా ఇటువంటి సంఘటన ఒకటి ఉంది. సమూవేలు రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో ఒక్క వచనంలో ముగిసిపోతుంది గనుక మనం గమనించకుండా దాటిపోతాం. సౌలు రాజు, ఆయన కుమారుడు యోనాతాను యుద్ధంలో మరణించారన్న వార్త వచ్చింది. యోనాతాను కొడుకు మెఫీబోషెతుకు అప్పుడు ఐదేండ్లు. అతని దాది అతనిని ఎత్తుకొని పరుగు తీసింది. ఆ తొందరలో బాలుడు పడిపోయి, రెండు కాళ్ళూ కుంటివయ్యాయి.

ఆలోచించండి. ఆమె ఆ బిడ్డను వదిలి పారిపోలేదు. ఎత్తుకొని పరుగెత్తింది. కాపాడబోయిన చేతుల్లోంచే బిడ్డ జారాడు. నష్టం జీవితాంతం మిగిలింది. అయినా గ్రంథకర్త ఆమెను నిందిస్తూ ఒక్క మాట రాయలేదు, ఆమెది తప్పేమీ లేదని వాదించనూ లేదు. జరిగినది జరిగినట్లు చెప్పాడు. తొమ్మిదవ అధ్యాయానికి వస్తే దావీదు రాజు ఆ కుంటివానిని పిలిపించి, సౌలు భూములన్నీ తిరిగి ఇచ్చి, తన బల్ల వద్ద రాజకుమారునివలె భుజింపజేశాడు. ఎవరి చేతిలోంచి పడ్డావని అడిగినట్లు అక్కడ లేదు. పడినవాని బ్రతుకు ఎలా నిలబెట్టాలన్నదే దావీదుకు కావలసింది.

తప్పును తూచడం ఎలా?

అలాగని తప్పొప్పులు విచారించకూడదని తిరుసభ బోధించడం లేదు. వైద్యుడు చూసిన తరువాత, మనసు కుదుటపడిన తరువాత విచారించాలి. కతోలిక తిరుసభ సత్యోపదేశం ఈ విషయంలో మనకు మంచి తూనికరాళ్ళను ఇస్తుంది. భయం, అజ్ఞానం, పరధ్యానం వంటివి మనిషి బాధ్యతను తగ్గించవచ్చు. అయితే తెలిసి ఉండవలసినది తెలుసుకోకుండా, చేయవలసినది చేయకుండా వదిలేసినందువల్ల కలిగిన కీడుకు మనిషి బాధ్యుడే. వీటిని బట్టి జరిగినదానిని మూడు విధాలుగా చూడవచ్చు.

మొదటిది, శుద్ధ ప్రమాదం. పాప మొదటిసారిగా బోర్లాపడి మంచం అంచుదాకా వచ్చింది, ఆయా రెండడుగుల దూరంలో ఉండి కూడా అందుకోలేకపోయింది. కన్నతల్లి ఉన్నా అదే జరిగేది. ఇక్కడ పాపమే లేదు. పాపం లేనిచోట "నిన్ను క్షమించాను" అనడం కూడా ఒక నిందే సుమా. తప్పు చేయనివారికి మన క్షమాపణ అక్కరలేదు, ఓదార్పు కావాలి. ఆ రాత్రి ఆమెకూ నిద్రపట్టదు.

రెండవది, నిర్లక్ష్యం. పాపను మేడమెట్ల దగ్గర వదిలి ఆమె ఫోనులో మాట్లాడుతూ ఉండిపోయింది. ఇది తప్పే. తప్పని చెప్పాలి, సరిదిద్దాలి. అవసరమైతే ఆ పని ఆమెకు తగినది కాదని నిర్ణయించుకోవాలి. కాని ఆ త్రాసులో మన వంతు కూడా వేయాలి. పాపను చూసుకోమని పెట్టుకున్న మనిషికే వంట, బట్టలు, అంట్లు అప్పగించామా? పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చోవడానికి ఒక గంటైనా ఇచ్చామా? ప్రమాదమని ముందే ఎవరో చెప్పిన మెట్లకు అడ్డు పెట్టించామా? స్టవ్ మీద పులుసు మాడితే తిట్లు, పాప పడితే తిట్లు అయినప్పుడు ఆ మనిషి రెండు కళ్ళు ఎక్కడెక్కడ పెట్టగలదు? పనివాని కూలి బిగబట్టడం దేవుని చెవిని చేరే మొర అని పునీత యాకోబు లేఖ హెచ్చరిస్తుంది. అలసటలో ఉన్న మనిషి మీద మోయలేని బరువు పెట్టడం కూడా ఆ మొరకు దూరమైనది కాదు.

మూడవది, కావాలని చేసిన హింస. ఏడుపు ఆపలేదని కొట్టడం, విసరడం, పసిబిడ్డను పట్టుకొని గట్టిగా కుదపడం. ఇంకా పాకడం కూడా రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చలు, చెప్పిన కథకూ దెబ్బకూ పొంతన లేకపోవడం, మళ్ళీ మళ్ళీ దెబ్బలు: ఇవి గమనించినప్పుడు "క్రైస్తవులం" అంటూ నోరు మూసుకోవడం క్షమ కాదు. వైద్యునికి చెప్పాలి, 1098 బాలల సహాయ ఫోనుకు గాని పోలీసులకు గాని తెలియజేయాలి. బిడ్డ బాధ్యత వహించినవారు కొట్టినా, కావాలని నిర్లక్ష్యం చేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను ప్రకారం అది నేరం. పరువు పోతుందని ఆమెను మరో ఇంటికి సాగనంపితే అక్కడి బిడ్డను మనమే అపాయంలో పెట్టినవారమౌతాం. ఆ పని చేసినది ఆయా కాక మన సొంత బంధువే అయినా న్యాయం మారదు. హృదయంలో క్షమించడమూ, బిడ్డలను కాపాడడమూ ఒకదానికొకటి అడ్డు రావు.

ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలియకముందే మూడవదే జరిగిందని తేల్చేయడం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం. పొరుగువారి మాటనూ పనినీ వీలైనంతవరకు మంచిగానే అర్థం చేసుకోవాలని సత్యోపదేశం చెబుతుంది. పేదరాలు గనుక, ఫలానా కులం గనుక, ఫలానా పేట నుంచి వచ్చింది గనుక చేసే ఉంటుందనుకోవడం విచారణ కాదు. గదిలో పెట్టి బెదిరించడం, చేయి చేసుకోవడం అసలే న్యాయం కాదు. అనుమానం ఉంటే వైద్యుడూ చట్టమూ తేలుస్తారు.

పడమటి దేశాల సంగతి కాదిది

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో ఆయాలను పెట్టుకున్నవారు ఉన్నారు, ఆయాలుగా పనిచేసేవారూ ఉన్నారు. ఆదివారం ఒకే పీఠం ముందు ఒకే అప్పాన్ని లోకొంటారు. కనుక ఆయాలుగా పనిచేసే సోదరీమణులకు కూడా ఒక మాట. అమ్మా, బిడ్డ పడడం నీ తప్పు కాకపోవచ్చు. దానిని దాచడం మాత్రం తప్పే. పడిన వెంటనే తల్లికో తండ్రికో ఫోను చేయి. నీ ఉద్యోగం పోయే భయం నిజమైనదే, దానిని మేము తేలికగా తీసుకోవడం లేదు. కాని నువ్వు దాచిన ఆ గంటలో వైద్యుడు చేయగలిగిన పని తరువాత చేయలేకపోవచ్చు. నీ చేతుల్లో ఉన్నంతసేపు ఆ బిడ్డకు తల్లివి నువ్వే.

మరొక చేదు నిజం. మన ఇళ్ళలో కొన్నింటిలో బిడ్డను ఎత్తుకోవడానికి పల్లె నుంచి తెచ్చిన పన్నెండేళ్ళ పిల్ల ఉండేది. పద్నాలుగేళ్ళలోపు వారిని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి మన దేశంలో నిషిద్ధం. చట్టం మాట అటుంచండి. బడిలో ఉండవలసిన పిల్ల చంకలో మన బిడ్డను పెట్టి, బిడ్డ జారితే ఆ పిల్లను దండించడం ఏ సువార్త ఒప్పుకుంటుంది? అక్కడ ఇద్దరు బిడ్డలు గాయపడ్డారు. బాధ్యత మాత్రం పెద్దలదే.

తల్లిని నిందించకండి

ఇక అత్తగారి మాట. తల్లి ఉద్యోగం మానుకుంటే ఇదంతా జరిగేదా అన్నది చాలా ఇళ్ళలో దెబ్బకంటే లోతుగా దిగే మాట. సంతోష దేవరహస్యాలలో ఐదవదానిని మనం జపమాలలో ఎన్నిసార్లు ధ్యానించలేదు! పన్నెండేళ్ళ బాలయేసు బంధుమిత్రుల గుంపులో ఉన్నాడనుకొని మరియతల్లి, జోజప్పగారు ఒక రోజు ప్రయాణం చేశారు. మూడు రోజుల తరువాత గాని ఆయన దొరకలేదు. నమ్మకస్తుల మధ్యనే ఉన్నాడనుకొని బిడ్డ కనబడక తల్లడిల్లిన తల్లిదండ్రులు వాళ్ళు. లోకంలోకెల్లా పవిత్రమైన కుటుంబంలోనే అది జరిగింది. అయినా జోజప్పగారు మరియమ్మను తప్పుపట్టినట్లు గాని, ఆ తల్లి బంధువులను దుయ్యబట్టినట్లు గాని సువార్తలో లేదు. ఇద్దరూ కలిసి వెనుదిరిగారు, ఇద్దరూ కలిసి వెతికారు. కొడుకుతో మాట్లాడినప్పుడు కూడా ఆమె తన వేదనతోపాటు భర్త వేదనను కలిపే చెప్పింది. బిడ్డకు ఆపద వచ్చినప్పుడు క్రైస్తవ దంపతులు నిలబడవలసిన తీరు ఇదే. బిడ్డను కాచే బాధ్యత తల్లిది ఎంతో తండ్రిది అంతే. కష్టపడి సంపాదించడానికి బయటికి వెళ్ళడం ఏ తల్లికీ పాపం కాదు.

అంత మెత్తగా ఉంటే ఎలా?

"ఇంత మెత్తగా ఉంటే ఆయాలకు భయం ఉంటుందా? నిర్లక్ష్యం పెరగదా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని భయం వల్ల పెరిగేది జాగ్రత్త కాదు, దాపరికం. జాగ్రత్తను పెంచేవి వేరే ఉన్నాయి. మెట్లకు అడ్డం, మంచానికి పక్క కమ్మీలు, గోడ మీద పెద్ద అంకెలతో తల్లిదండ్రుల ఫోను నంబర్లు, 108, వేళకు అన్నం, మధ్యాహ్నం కాస్త విశ్రాంతి, తొలి వారంలోనే జీతం. పని నుంచి తీసివేయవలసి వచ్చినా, రావలసిన జీతం పైసాతో సహా ఇచ్చి, వీధివీధికీ చాటకుండా పంపడం న్యాయం.

ఇంకొక కష్టమైన సందర్భం ఉంది. ఆ దెబ్బ నయం కాకపోతే? బిడ్డ మాట పోతేనో, నడక పోతేనో, బిడ్డే దక్కకపోతేనో? ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి "దేవుని చిత్తం, క్షమించండి" అని తేలికగా చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు. గాయాన్ని అనుభవించకుండా ఉండడం, మరచిపోవడం మన చేతిలో లేదని సత్యోపదేశమే ఒప్పుకుంటుంది. ఆ గుండెను పవిత్రాత్మకు అప్పగించడం ఒక్కటే మన చేతిలో ఉంది. క్షమ ఒక రోజులో పుట్టకపోవచ్చు. పరలోక జపంలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోతే, ఆగనివ్వండి. పక్కన ఉన్నవారు వారికోసం ఆ మాట పూర్తిచేయాలి. విచారణ ఉన్నది అందుకే. మనం వారికి చేయగలిగింది భోజనం తీసుకెళ్ళడం, ఆసుపత్రిలో రాత్రి తోడు కూర్చోవడం, ఎవరిది తప్పన్న చర్చను గుడి ఆవరణలో ఆపడం.

పాఠకులారా, మీ బిడ్డను మరొకరి చేతుల్లో పెట్టేవారైతే, ఆ చేతులు ఆయావి కానివ్వండి, అమ్మమ్మవి కానివ్వండి, పక్కింటి అక్కవి కానివ్వండి, ఈ వారమే వారితో ఒక మాట చెప్పండి. "బిడ్డ పడితే వెంటనే నాకు చెప్పు. నేను ముందు బిడ్డను చూస్తాను. నీ మీద అరవను." చెప్పి, తరువాత ఆ మాట మీద నిలబడండి. పాలు పొంగిన రోజున, గ్లాసు పగిలిన రోజున నిలబడండి. ఆ చిన్న రోజుల్లో మీరు మాట నిలుపుకుంటే పెద్ద రోజున ఆ మనిషి మీకు నిజం చెబుతుంది. ఆ నిజం అందవలసిన సమయానికి వైద్యునికి అందుతుంది.